జాంగో సైట్‌కు పాఠకుల కామెంట్లు: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

నల్లగొండ బత్తాయి ధర మీద ఒక పోస్టు పెట్టారనుకుందాం. దాని కింద ఒక రైతు "మా తోట కాడికొచ్చి ఇంకా తక్కువకు అడుగుతుండ్రు" అని రాస్తాడు. సాగర్ ఎడమ కాల్వ నీటి విడుదల వార్త కింద చివరి ఆయకట్టు నుంచి ఒకరు "మాకింకా నీళ్లు రాలే" అంటారు. వడ్ల కొనుగోలు కేంద్రం గురించి రాస్తే "మా ఊర్ల కాంటా కాలే, లారీ రాలే" అని ఇంకొకరు చెప్తారు. జిల్లా స్థాయి సైట్‌కు అసలు బలం ఇక్కడుంది. అందుకే కామెంట్ల ఏర్పాటును ఏదో ఒక విడ్జెట్ అతికించి వదిలేయకుండా, కూర్చొని ఆలోచించి ఎంచుకోవాలి.

ఎంపికకు ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. పాఠకుడు ఎక్కడా ఖాతా తెరవకుండా, ఫోన్‌లో, తెలుగులో రాయగలడా? వచ్చిన కామెంట్లను రోజూ ఎవరు చదువుతారు? చాలామంది కోడ్ ఎంత సులువన్నది చూసి నిర్ణయించుకుంటారు. కోడ్ ఒక్క పూట పని. ఈ రెండు ప్రశ్నలు సైట్ ఉన్నంతకాలం ఉంటాయి.

ఒకరిద్దరు కలిసి నడిపే జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సైట్‌కు మా సలహా సూటిగా ఇది: కామెంట్ మోడల్ (కామెంట్లు డేటాబేస్‌లో ఎలా నిల్వ కావాలో చెప్పే కోడ్) సొంతంగా రాసుకోండి, ప్రతి కామెంట్‌ను చూశాకే పైకి వేయండి. రోజుకు ఒక్కసారైనా చూసే మనిషి లేకపోతే కామెంట్లు తెరవకండి. పోస్టు చివర ఒక వాట్సాప్ నంబర్ ఇచ్చి, వచ్చినవాటిలో మంచివి మీరే పోస్టులో చేర్చండి. అది తక్కువరకం ఏర్పాటేమీ కాదు. చదివేవాళ్లు లేని కామెంట్ల పెట్టె కన్నా వెయ్యి రెట్లు మేలు.

బయటి సేవలు

డిస్కస్‌ను పది నిమిషాల్లో పెట్టొచ్చు. వాళ్లిచ్చే జావాస్క్రిప్ట్ ముక్కను పోస్టు టెంప్లేట్‌లో అతికిస్తే చాలు, డేటాబేస్‌లో మార్పు (మైగ్రేషన్) అక్కర్లేదు. కానీ ఉచిత ప్లాన్‌లో మీ పేజీ మీద వాళ్ల ప్రకటనలు వస్తాయి. పాఠకుల కదలికలను చెప్పకుండా సేకరించి పంచుకుందన్న కారణంతో 2021లో నార్వే డేటా రక్షణ సంస్థ ఈ కంపెనీకి 2.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేయాలనుకుంటున్నట్టు నోటీసిచ్చింది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో పాత ఫోన్ మీద ఆ స్క్రిప్ట్ దిగేసరికి పాఠకుడు పేజీ మూసేస్తాడు. అయినా ఇదే వాడాలనుకుంటే ప్రతి పోస్టుకూ ఐడెంటిఫైయర్‌గా పోస్టు ప్రైమరీ కీ (డేటాబేస్‌లో దాని ఐడీ అంకె) ఇవ్వండి. అది ఇవ్వకపోతే సైట్ హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మారినప్పుడో, చిరునామాలో చిన్న మార్పు జరిగినప్పుడో పాత కామెంట్లు కనిపించకుండా పోతాయి. అవి ఎక్కడికీ పోవు, పాత చిరునామాకే అంటుకొని ఉంటాయి.

గిస్కస్ శుభ్రంగా ఉంటుంది, ప్రకటనలుండవు. కామెంట్లన్నీ గిట్‌హబ్ డిస్కషన్లలో నిల్వ అవుతాయి. అంటే రాసేవాళ్లకు గిట్‌హబ్ ఖాతా ఉండాలి. ప్రోగ్రామర్ల కోసం రాసే సైట్‌కు ఇది చక్కటి ఎంపిక. మిర్యాలగూడ రైతుకో, గద్వాల నేతన్నకో ఇది తాళం వేసిన గేటు.

పక్కనే నడిపే చిన్న సర్వర్

ఇస్సో, రిమార్క్42 ఈ కోవలోవి. ఇస్సో పైథాన్‌లో రాసింది, కామెంట్లను ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో దాస్తుంది. పేరు లేకుండా కూడా రాయనిస్తుంది. రాసినవాళ్లు తమ కామెంట్‌ను 15 నిమిషాల వరకు దిద్దుకోవచ్చు. డిస్కస్ నుంచి, వర్డ్‌ప్రెస్ నుంచి పాత కామెంట్లను తెచ్చుకునే సౌకర్యం ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ముందే చూసి వేసే పద్ధతి మొదట్లో ఆపి ఉంటుంది. సెట్టింగుల ఫైల్‌లో మోడరేషన్ విభాగం కింద మీరే ఆన్ చేయాలి. రిమార్క్42 గో భాషలో రాసింది, డాకర్‌లో తేలిగ్గా నడుస్తుంది. ఈమెయిల్, టెలిగ్రామ్ ద్వారా లాగిన్ ఇవ్వొచ్చు. ఖాతా లేకుండా రాయనివ్వాలంటే అజ్ఞాత లాగిన్‌ను విడిగా ఆన్ చేయాలి.

సైట్ జాంగోలో కాకుండా హ్యూగో లాంటి స్టాటిక్ పద్ధతిలో ఉంటే ఈ రెంటిలో ఒకటి తీసుకోమంటాం. జాంగో ఇప్పటికే నడుస్తుంటే మాత్రం ఇంకో సర్వర్, ఇంకో బ్యాకప్, ఇంకో అప్‌డేట్ ఎందుకు మీదేసుకోవాలి?

రెడీగా దొరికే ప్యాకేజీలు

ఒకప్పుడు కామెంట్ల యాప్ జాంగోలోనే ఉండేది. 1.6 వెర్షన్‌లో దానికి సెలవు ప్రకటించి, 2015లో వచ్చిన 1.8లో పూర్తిగా తీసేశారు. ఇప్పుడది జాంగో కాంట్రిబ్ కామెంట్స్ అనే విడి ప్యాకేజీ. పాత పాఠాలు చూసి జాంగో లోపలి నుంచే ఇంపోర్ట్ చేయబోతే ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చేది ఇందుకే. దీన్ని పెట్టడానికి సైట్స్ యాప్ కూడా చేర్చి, సైట్ ఐడీ సెట్టింగ్ ఇవ్వాలి.

దీని బలం ఏమిటంటే ఏ మోడల్‌కైనా కామెంట్లు తగిలించొచ్చు: పోస్టుకు, ఫొటోకు, ధరల పట్టికకు. జెనెరిక్ సంబంధం (ఏ మోడల్, ఏ ఐడీ అని మాత్రమే రాసుకునే లంకె) వాడుతుంది కాబట్టి అది సాధ్యం. బలహీనత కూడా అక్కడే. డేటాబేస్‌లో అసలైన ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను ఇంకోదానికి కట్టే లంకె) ఉండదు, పోస్టు ఐడీ అక్షరాల రూపంలో నిల్వ అవుతుంది. కామెంట్ల సంఖ్యతో పోస్టులను వరసపెట్టడం లాంటి క్వెరీలు ఇబ్బంది పెడతాయి.

పనిలో ఎదురయ్యే చిక్కులు రెండు. ఈ ఫారంలో పేరు, ఈమెయిల్ తప్పనిసరి. ఫోన్‌లో జీమెయిల్ ఉన్నా తన అడ్రస్ గుర్తులేని పాఠకులు మన దగ్గర చాలామంది. రెండోది, ఫారంలో ఒక సమయ ముద్ర దాగి ఉంటుంది. రెండు గంటలు దాటితే ఆ ఫారం చెల్లదు. పొద్దున పేజీ తెరిచి, పొలం నుంచి వచ్చాక సాయంత్రం పంపితే 400 ఎర్రర్ వస్తుంది. పేజీని క్యాష్‌లో (తయారైన పేజీని తాత్కాలికంగా దాచే చోట) రెండు గంటలకన్నా ఎక్కువ ఉంచితే ఎవరు పంపినా అదే గతి. కామెంట్స్ టైమ్‌అవుట్ సెట్టింగ్‌ను 24 గంటలకు, అంటే 86400 సెకన్లకు పెంచితే సాయంత్రం పంపేవాళ్ల ఇబ్బంది తీరుతుంది.

జవాబుల కింద జవాబులు కావాలంటే జాంగో కామెంట్స్ ఎక్స్‌టీడీ ఉంది. దాంట్లో లోతు మొదట సున్నాగా ఉంటుంది, మీరే పెంచాలి. లాగిన్ కాని పాఠకుడికి ఈమెయిల్ పంపి, లింక్ నొక్కాకే కామెంట్‌ను దాస్తుంది. ఆ ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడిందంటే కామెంట్ అసలు మీ దాకా రాదు, వచ్చిందన్న సంగతే మీకు తెలియదు. కన్ఫర్మేషన్ ఆపేసి, మీరే చూసి వేసే పద్ధతి పెట్టుకోవడం మంచిది.

ఒకే సైట్‌లో మూడు నాలుగు రకాల పేజీలకు కామెంట్లు కావాలంటే ప్యాకేజీ తీసుకోండి. పోస్టులకు మాత్రమే అయితే కింద చెప్పేది మేలు.

సొంత మోడల్: ఎందుకు, ఎలా

కామెంట్ అనే మోడల్‌లో ఉండాల్సినవి తక్కువే. పోస్టుకు ఫారిన్ కీ, పేరుకు 80 అక్షరాల ఫీల్డ్, ఊరు (తప్పనిసరి చేయకండి, కానీ అడగండి), కామెంట్‌కు టెక్స్ట్ ఫీల్డ్, రాసిన సమయం, స్థితి. చాలా పాఠాల్లో స్థితి బదులు అవును-కాదు రకం ఫీల్డ్ పెడతారు. అది చాలదు. "చూడాలి", "వేశాం", "ఆపాం", "స్పామ్" అని నాలుగు విలువలుంటే, ఇంకా చూడనివేవో చూసి పక్కనపెట్టినవేవో తేడా తెలుస్తుంది. పోస్టు, స్థితి, సమయం మూడింటి మీద కలిపి ఒక ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతకడానికి వాడే సూచిక) పెట్టండి.

పోస్టు తొలగిస్తే కామెంట్లూ పోవాలా? క్యాస్కేడ్ అని రాస్తే పోతాయి, తిరిగి రావు. ప్రొటెక్ట్ అని రాస్తే కామెంట్లున్న పోస్టును పొరపాటున తొలగించకుండా జాంగో అడ్డుకుంటుంది. మా మొగ్గు దీనికే.

ఫారంలో రాసింది హెచ్‌టీటీపీ పోస్ట్ పద్ధతిలో వస్తే మాత్రమే అందుకునే వ్యూ (అభ్యర్థనకు జవాబిచ్చే జాంగో కోడ్) ఒకటి రాయాలి. ఫారం సరిగా ఉంటే కమిట్ ఫాల్స్‌తో (ఇంకా డేటాబేస్‌లో రాయకుండా) సేవ్ చేసి, పోస్టును తగిలించి, మళ్లీ సేవ్ చేసి, పోస్టు పేజీకి రీడైరెక్ట్ చేయాలి. రీడైరెక్ట్ లేకపోతే పేజీని రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ అదే కామెంట్ మళ్లీ పడుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్‌ను రెండుసార్లు నొక్కేవాళ్లను రీడైరెక్ట్ ఆపలేదు. అందుకని గత పది నిమిషాల్లో అదే పోస్టు కింద అచ్చం అదే కామెంట్ ఉంటే రెండోదాన్ని దాయకుండా, మామూలుగానే పోస్టు పేజీకి రీడైరెక్ట్ చేయండి.

ఫారంలో తప్పుంటే మాత్రం రీడైరెక్ట్ చేయొద్దు. అదే ఫారాన్ని, రాసిందంతా అందులోనే ఉంచి, తప్పు ఎక్కడో తెలుగులో చెప్తూ మళ్లీ చూపించండి. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడానికి పది నిమిషాలు పెట్టిన మనిషి, అది మాయమైతే రెండోసారి రాయడు.

టెంప్లేట్‌లో కామెంట్‌ను చూపేటప్పుడు సేఫ్ ఫిల్టర్ ఎట్టిపరిస్థితుల్లో వాడకండి. లైన్లు విడగొట్టడానికి దాన్ని పెట్టేవాళ్లున్నారు. దాంతో ఎవరైనా కామెంట్‌లో స్క్రిప్ట్ రాసి మీ పాఠకుల బ్రౌజర్లలో నడిపించొచ్చు. లైన్ల కోసం లైన్‌బ్రేక్స్ ఫిల్టర్ ఉంది, ప్రమాదకరమైన గుర్తులను అదే మార్చేస్తుంది. వేరే ఫ్రేమ్‌వర్క్‌లు చూస్తే, లారవెల్‌లో ఆశ్చర్యార్థకాలున్న బ్రాకెట్లు, రెయిల్స్‌లో హెచ్‌టీఎంఎల్ సేఫ్ పద్ధతి ఇలాంటివే. వాటికీ ఇదే మాట వర్తిస్తుంది.

జవాబుకు జవాబు ఒక్క మెట్టు చాలు. సన్నటి ఫోన్ తెర మీద మూడో మెట్టుకే తెలుగు పదాలు లైనుకు రెండు మిగులుతాయి. జవాబులు పెడితే, ఏ కామెంట్‌కు జవాబిస్తున్నారో అది అదే పోస్టుకు చెందిందా అని వ్యూలో సరిచూడండి. లేదంటే దాచిన ఫీల్డ్‌లో అంకె మార్చి ఒక పోస్టు జవాబును ఇంకో పోస్టులో పడేయొచ్చు.

టైమ్ జోన్ సెట్టింగ్‌ను ఏషియా/కోల్‌కతాకు మార్చారో లేదో చూడండి. కొత్త ప్రాజెక్టులో అది యూటీసీగా ఉంటుంది. ఉదయం 6 గంటలకు రాసిన కామెంట్ అర్ధరాత్రి 12:30కి రాసినట్టు కనిపిస్తుంది.

తెలుగు వల్ల వచ్చే చిక్కులు

ఇవి ఇంగ్లిష్ పాఠాల్లో దొరకవు. పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు "పదంలోని అక్షరం" అన్న గుర్తు ఉంది కదా, అది తెలుగు హల్లులను, అచ్చులను ఒప్పుకుంటుంది, గుణింతపు గుర్తులను, పొల్లును ఒప్పుకోదు. జాంగో యూజర్‌నేమ్ తనిఖీ దాని మీదే ఆధారపడింది. కాబట్టి లాగిన్ తప్పనిసరి చేసి, యూజర్‌నేమ్‌గా తెలుగు పేరు రాయమంటే, గుణింతమున్న ప్రతి పేరునూ తిరస్కరిస్తుంది. శీర్షికను వెబ్ చిరునామాకు తగ్గట్టు మార్చే స్లగిఫై కూడా అంతే. యూనికోడ్ అనుమతించినా "సూర్యాపేట" కాస్తా "సరయపట" అవుతుంది. కామెంట్ పేరు ఫీల్డ్‌కు ఇలాంటి తనిఖీలేవీ పెట్టకండి.

బూతు మాటల జాబితాతో వడపోత పెట్టాలనుకున్నా ఇదే అడ్డు. పదం అంచు గుర్తు తెలుగులో హల్లుకు, దాని గుణింతానికి మధ్య కూడా ఆగుతుంది, అమాయకమైన పదాలు దొరికిపోతాయి. ఖాళీల దగ్గర, విరామ చిహ్నాల దగ్గర పదాలు విడగొట్టి, మొదలు భాగం సరిపోతుందా అని చూడటం మెరుగు. ఎందుకంటే మన పదాలకు విభక్తులు చివరే అతుకుతాయి. పైగా సగం మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్లు రాస్తారు. జాబితా సాయపడుతుంది కానీ నిర్ణయం మనిషిదే కావాలి. ఇంకో జాగ్రత్త: స్పామ్ అడ్డుకోవాలని కంటికి కనిపించని జీరో విడ్త్ అక్షరాలన్నీ తీసేస్తే "ఫేస్‌బుక్" లాంటి పదాల్లో పొల్లు పోయి, పక్క అక్షరం ఒత్తుగా మారి పదం వికారంగా కనిపిస్తుంది.

నిడివి పరిమితి పెట్టేటప్పుడు గుర్తుంచుకోండి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. 500 అని పరిమితి పెడితే తెలుగులో నాలుగు వాక్యాలకే నిండినట్టు అవుతుంది. 2000 పెట్టండి.

మైసీక్వెల్ వాడుతుంటే టేబుళ్ల క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అయి ఉండాలి. పాత యూటీఎఫ్8లో తెలుగు చక్కగా నిల్వ అవుతుంది, అందుకే పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎవరో దండం పెట్టే ఎమోజీ పెట్టగానే 1366 ఎర్రర్ వచ్చి కామెంట్ పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్ యూటీఎఫ్8గా ఉంటే ఈ గొడవ లేదు. ఎస్‌క్యూలైట్‌తోనూ చిన్న సైట్ నడుస్తుంది. "డేటాబేస్ లాక్ అయింది" అన్న ఎర్రర్ కనిపిస్తే వాల్ పద్ధతికి (మార్పులను ముందు విడి ఫైల్‌లో రాసుకునే తీరుకు) మార్చండి. జాంగో 5.1 నుంచి ఆ ఆదేశాన్ని సెట్టింగుల్లోనే ఇవ్వొచ్చు.

403 ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తుంది

మీ కంప్యూటర్‌లో పనిచేసి, సర్వర్‌లో పెట్టగానే కామెంట్ పంపితే 403 వస్తుందంటే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఫారంలో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మీ సైట్ నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య గుర్తు) మరిచిపోవడం మొదటిది, తేలిగ్గా దొరుకుతుంది. రెండోది, జాంగో 4.0 నుంచి ఆరిజిన్ హెడర్‌నూ (ఫారం ఏ చిరునామా నుంచి వచ్చిందో బ్రౌజర్ చెప్పే వివరాన్నీ) చూస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (ముందు నిలబడి అభ్యర్థనలను జాంగోకు అందించే వెబ్ సర్వర్) వెనక జాంగోకు తాను హెచ్‌టీటీపీఎస్ మీద ఉన్నట్టు తెలియకపోతే చిరునామాలు సరిపోలక తిరస్కరిస్తుంది. సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగ్ సరిచేయండి, లేదా నమ్మే ఆరిజిన్ల జాబితాలో హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి చిరునామా రాయండి. మూడోది క్యాష్. పేజీ మొత్తాన్ని సీడీఎన్‌లో (పేజీల నకళ్లను పాఠకులకు దగ్గరి సర్వర్లలో ఉంచే సేవలో) దాస్తే ఒకరి టోకెన్ ఇంకొకరికి వెళ్తుంది. అలాంటప్పుడు పోస్టును క్యాష్‌లో ఉంచి, కామెంట్ ఫారాన్ని మాత్రం క్యాష్ కాని విడి చిరునామా నుంచి చిన్న జావాస్క్రిప్ట్‌తో తెచ్చి చూపించాలి.

స్పామ్

ముందే చూసి వేస్తున్నారు కాబట్టి స్పామ్ పాఠకులకు కనిపించదు, కానీ మీ సమయం తినేస్తుంది. హనీపాట్ ఫీల్డ్‌తో మొదలుపెట్టండి: మనుషులకు కనిపించని, బాట్లు నింపే ఒక గడి. దాన్ని సీఎస్ఎస్‌తో దాచండి, ఆటోకంప్లీట్ ఆపండి. "వెబ్‌సైట్" లాంటి పేరు పెడితే కొన్ని ఫోన్లు తమంతట తామే నింపేస్తాయి, మంచి కామెంట్లు పోతాయి. ఫారం తెరిచిన మూడు సెకన్లలోపే వచ్చినవాటిని, రెండుకన్నా ఎక్కువ లింకులున్నవాటిని నేరుగా "స్పామ్"లో వేయండి. తెలుగు అక్షరాలున్నవాటిని జాబితాలో పైకి తెచ్చుకోండి. కానీ తెలుగు అక్షరాలు లేవని దేన్నీ కొట్టేయకండి, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు కూడా మన పాఠకులదే.

ఐపీ ఆధారంగా నిమిషానికి ఇన్ని అని పరిమితి పెట్టేటప్పుడు జాగ్రత్త. ఎన్‌జిన్‌ఎక్స్ వెనక ప్రతి పాఠకుడూ 127.0.0.1గానే కనిపించొచ్చు. అప్పుడు ఒక్కరు ఐదు కామెంట్లు పంపితే జిల్లా అంతా ఆగిపోతుంది. ప్రాక్సీ పెట్టే రియల్ ఐపీ హెడర్‌ను చదివించండి. మొబైల్ నెట్‌వర్క్‌లలో వేర్వేరు ఊళ్లవాళ్లు ఒకే ఐపీని పంచుకుంటారు కాబట్టి పరిమితి మరీ బిగించకండి. లెక్క దాచే క్యాష్ రెడిస్ లాంటి ఉమ్మడిది కావాలి. లోకల్ మెమరీ క్యాష్ అయితే ఒక్కో ప్రాసెస్ తన లెక్క తాను వేసుకుంటుంది.

కొత్త కామెంట్ వచ్చిందని మెయిల్ పంపే పనిని వ్యూలోనే పెట్టకండి. జాంగోలో ఈమెయిల్ టైమ్‌అవుట్‌కు మొదట ఏ విలువా ఉండదు. మెయిల్ సర్వర్ పలకకపోతే పాఠకుడి పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. అరగంటకోసారి క్రాన్‌తో నడిచే కమాండ్ రాసి, చూడాల్సినవన్నీ ఒకే మెయిల్‌లో తెప్పించుకోండి.

వేసేముందు ఏం చూడాలి

"ఫలానా మిల్లు క్వింటాకు ఇంత తరుగు తీస్తుంది", "ఫలానా డీలర్ నకిలీ విత్తనాలమ్మిండు" లాంటి కామెంట్లు మన జిల్లాల్లో తప్పక వస్తాయి. అవి నిజం కావచ్చు, చాలా విలువైనవి కూడా. అయినా పేరు పెట్టి చేసిన ఆరోపణను సరిచూడకుండా వేయకండి. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. ఆ కామెంట్‌ను "ఆపాం"లో ఉంచి, విచారించి, నిలబడితే వార్తగా రాయండి. పదంకెల ఫోన్ నంబర్లు కూడా చూడాలి. చీరలమ్మేవాళ్లు తమ నంబర్ పెట్టుకుంటారు, పగబట్టినవాళ్లు వేరేవాళ్లది పెడతారు. రెంటికీ తేడా స్క్రీన్ మీద తెలియదు.

2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా కూడా, అక్కర్లేని ఈమెయిల్, ఫోన్ వివరాలు అసలు అడగకపోవడమే ఉత్తమం. లేని డేటా బయటికి పొక్కదు.

పాత పోస్టుల మీదే స్పామ్ ఎక్కువ పడుతుంది. 60 రోజులు దాటిన పోస్టుకు ఫారం చూపించకండి, వ్యూలో కూడా తేదీ సరిచూడండి. టెంప్లేట్‌లో దాచితే బాట్లు ఆగవు, అవి నేరుగా చిరునామాకే పంపుతాయి. ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు దాని మోడరేటర్ క్లాస్‌లో ఈ సౌకర్యం ముందే ఉంది: పోస్టు తేదీ ఫీల్డ్ పేరు, మూసే రోజుల సంఖ్య ఇస్తే చాలు. కొనుగోలు కేంద్రాల పోస్టుల్లాంటివాటికి మాత్రం ఆ గడువును సీజన్ ముగిసేదాకా పొడిగించండి.